ఒక నలుసు వోల్టు

బ్రాడీపేట నాలుగో లైన్లో మేడమీది గది.
మే నెల. రాత్రి పదకొండు దాటినా
గోడకి చెయ్యి ఆనిస్తే జ్వరం తగులుతుంది.

రేపు పొద్దున్నే తెనాలి పెళ్లి వీడియో ఇవ్వాలి.
బయోస్ తెర ముందు హిమజ్యోతి
వేగం పెంచింది. తెర నీలంగా చచ్చింది.
వోల్టేజీ ఒక నలుసు పెంచింది. బతికింది.
మళ్లీ వేగం, మళ్లీ నలుసు.
ఒకటి పాయింటు రెండు ఎనిమిది...
ఒకటి పాయింటు మూడు రెండు...

"నాలుగు దాకా పోనివ్వకమ్మా" అన్నాడు
ఈ పాత ప్రాసెసర్ అమ్మిన మస్తాన్‌వలి.
"పొగ రాదు, వాసన రాదు.
అదే దాంతో చిక్కు."

పోయినేడు ఇదే వేగానికి
రెండు ఆరు సరిపోయేది.
ఇంతలో ఏం అరిగిందో
మూత తీసి చూసినా కనపడదు.

అరండల్‌పేట బజ్జీల బండి దగ్గర
తన నాలుకా అంతే.
ఒకప్పుడు ఒక్క కొరుకుకే కళ్లనీళ్లు.
ఇప్పుడు గింజలతో సహా నమిలి
"ఇంకాస్త కారం చల్లు బాబాయ్."

ఫ్యాన్ల రొద. తొంభై ఒక డిగ్రీలు.
యార్డు అవతల కోల్డ్ స్టోరేజీలో
మిరప టిక్కీలు మాత్రం
దుప్పటి కావాలనిపించే చలిలో పడుకున్నాయి.

మీట మీద వేలు కాసేపు ఆగింది.
వోల్టు దించింది. దాంతోపాటే వేగమూ.
తెనాలికి మెసేజ్ పెట్టింది:
పొద్దున కాదు, మధ్యాహ్నం.

పెళ్లికొడుకు అన్న తిట్లు
వాయిస్ మెసేజ్‌గా వచ్చాయి, రెండు నిమిషాలు.
సౌండు కొంచెం తగ్గించుకుని
మొత్తం వింది.