టార్చి పట్టుకునే పని

మా ఇంట్లో నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం.
ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి భూగోళం చెప్పినవాణ్ణి,
ఇప్పుడు కారు కింద వెల్లకిలా పడుకున్న భార్య
అడిగిన చోట వెలుగు వెయ్యడం నేర్చుకుంటున్నాను.
"అక్కడ కాదు. నేను చూసే చోట."
ఆమె ఎక్కడ చూస్తోందో నాకెలా తెలుస్తుంది?
పెళ్ళైన నలభై ఏళ్ళకి కూడా అదే ప్రశ్న.

బయట బ్లైనై ఫెస్టినియోగ్ వాన.
పలకరాతి గుట్టల మీద, పలకరాతి కప్పుల మీద.
మా ఊళ్ళో వాన కురవదు, కాపురముంటుంది.
ఆ తడే తినేసింది ఈ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ని
అడుగు నుంచి, చెదపురుగంత ఓపిగ్గా.
ఇడ్వాల్ గొర్రెల కొట్టంలో పద్నాలుగేళ్ళు పడుంది.
మేం బేరానికి వెళ్ళేసరికి
డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది.
కారు ఇస్తాను గాని కోడినివ్వనన్నాడు.

మొదటి రోజు హెలెద్
తలుపు కింది ఇనప పట్టీని స్క్రూడ్రైవర్‌తో పొడిచింది.
పిడి దాకా దిగింది.
లోపల ఎవరో కుక్కిన గోనెగుడ్డలు, గుడ్ల అట్టలు,
వాటి మీద పుట్టీ,
పుట్టీ మీద ఎర్ర రంగు, మూడు పూతలు.
"ఎవడోగాని దీన్ని ప్రేమించాడు," అంది.
"చేతకాలేదు, అంతే."
నేను టార్చిని కొంచెం అటు తిప్పుకున్నాను.

హోలీహెడ్ ఓడల ఇంజన్ గదుల్లో
పాతికేళ్ళు పండిన చేతులామెవి.
ముసుగు దించి, "తల తిప్పుకో" అంటుంది.
తిప్పుకుంటాను.
అటు గోడ మీద ఆమె నీడ
ఒక్కో మెరుపుకీ ఒక్కో వయసులో కనబడుతుంది.
ఒకసారి, ఒట్టు, జడతో కనబడింది.

చలికాలమంతా పాతవి ఊడుతూ కొత్తవి ఎక్కాయి.
డైనమో పోయి ఆల్టర్నేటర్,
ఉదయాన్నే మొరాయించే పాయింట్లు పోయి
అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ డబ్బా,
నాలుగు గేర్ల చోట
తుక్కు మాజ్డా నుంచి ఐదు గేర్ల పెట్టె.
అది పట్టడానికి సొరంగం కోసి, మళ్ళీ అతికి,
మళ్ళీ కోసి,
ఒక రాత్రంతా నాతో మాట్లాడకుండా.

శనివారం గెథిన్ వచ్చాడు.
ఇంజను నంబర్లు చదవడానికి
జేబులో చిన్న అద్దం పెట్టుకు తిరిగే మనిషి.
వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు.
చావింటికి వచ్చినవాడిలా గొంతు తగ్గించి
"హెలెద్, ఇది ఇంక అసలుది కాదు" అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుంది.
బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది.
కుడి తుంటి మీద రెంచీతో రెండుసార్లు తట్టింది.
"ఇది టైటానియం. బాంగర్ ఆసుపత్రిలో వేశారు.
మరి నేనో?"

గెథిన్ టీ తాగేసి వెళ్ళిపోయాడు.
మంగళవారం గుమ్మంలో బిస్కెట్ల డబ్బా ఉంది.
లోపల అసలు కాలం నాటి హుడ్డు బోల్టులు, నూనె రాసి,
పదకొండు.
పన్నెండోది ఎక్కడని ఫోన్ చేస్తే
అది నాకు కావాలన్నాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, నాలుగో ప్రయత్నానికి
దగ్గి, ఉమ్మి, నిలబడింది ఇంజను.
కప్పు తెరిచే క్రైమియా కనుమ ఎక్కాం.
చలికి నా చెవులు నావి కావు.
పైకి చేరేసరికి చీకటి పడింది,
ముందు దీపాలు కొత్తవి, పట్టపగల్లా ఉన్నాయి గాని
మీటర్ల బల్బు వెలగలేదు.
అన్నీ మార్చిన మనిషి
ఆ చిట్టి బల్బు మాత్రం మర్చిపోయింది.

అలవాటుగా టార్చి తీసి
వేగం ముల్లు మీద వేశాను.
"అక్కడ కాదు," అంది.

ఆమె ముల్లుని చూడటం లేదు.
దిగుడులో ఐదో గేరు వేసి
పాదాల కింద నుంచి వస్తున్న చప్పుడుకి చెవి ఒగ్గింది.

టార్చి ఆపేశాను.