మూడడుగుల మస్ట్

ఫ్రేజర్‌బరో రేవులో ఐసు గోదాం గోడ మీద
మర్డో నోబుల్ రాసిన అక్షరాలు
ఒక్కోటీ మూడడుగులు.
"మస్ట్" అన్న మాటకి మాత్రం
ఎర్రరంగు రెండు పూతలు.
ఉప్పుగాలికి ముందు ఎస్ ఊడుతుందట,
తర్వాత టి.
ఎమ్ మొండిదంటాడు.

నలభై ఏళ్ళు నిచ్చెనెక్కి రాశాడే గానీ
ఇంట్లో ఆ మాట అన్న పాపాన పోలేదు.
ఈ ఊళ్ళో ఎవరూ అనరు.
"వాడు తాగి ఉండాలి" అని ఊహించడానికి వాడతారు,
వాడికి పని చెప్పడానికి కాదు.
పోయిన భార్య ఐలా, "నువ్వు బొగ్గు తేవాల్సొస్తుంది" అనేది,
తప్పంతా వాతావరణానిదన్నట్టు.
మనవరాలు ఫోన్లో "గాటా గో" అని
కర్తని మింగేసి పెట్టేస్తుంది.
వృద్ధాశ్రమం మేనేజరు కర్స్టీ
"మీకిప్పుడు స్నానం అవసరం కదూ" అంటుంది,
ఆజ్ఞని అతని జేబులోంచే తీసి
అతనికే చూపించినట్టు.

గోదాం గోడకి కొత్త బోర్డు వేశారు, ప్లాస్టిక్‌ది:
"హెల్మెట్ పెట్టుకున్నందుకు థాంక్స్."
"ఇంకా పెట్టుకోందే థాంక్సేమిటి?"
రెండు రోజులు అదే గొణిగాడు.

ఇవన్నీ తెలుగులోకి తెద్దామని కూచుంటే
నా దగ్గరున్నది ఒకటే తోక: ఆలి.
వెళ్ళాలి, తేవాలి, తినాలి.
మిగతాది గొంతే చూసుకోవాలి.

మంగళవారం రాత్రి డ్యూటీలో కొత్త నర్సు, ఎఫువా,
కుమాసి నుంచి వచ్చి మూడు వారాలు.
ఓట్ల జావ గిన్నె ఒళ్ళో పెట్టుకుని
"మిస్టర్ నోబుల్, యూ మస్ట్ ఈట్" అంది.

తలుపు దగ్గర కర్స్టీ నిలబడిపోయింది,
ఈ అమ్మాయికి కాస్త మెత్తగా మాట్లాడ్డం నేర్పాలనుకుంటూ.
ఎఫువాకి అది మెత్తని మాటే.
వాళ్ళమ్మ చుట్టాల పళ్ళెంలో
రెండో ముద్ద వేసేటప్పటి మాట.
అది అనకుండా వడ్డిస్తే
తినకపోయినా ఫరవాలేదన్నట్టు.

మర్డో ఆమె మూతి వంక చాలాసేపు చూశాడు,
నిచ్చెన దిగి, వెనక్కి నాలుగడుగులేసి
రాసింది వంకరపోయిందేమో చూసుకున్నట్టు.

"టి కూడా ఊడలేదే" అన్నాడు.
ఆమెకి అర్థం కాలేదు.
చెంచా తనే అందుకున్నాడు.
సగం తిన్నాడు,
సగం చొక్కా మీద పడింది.