చేపల కాటా మీద ఇల్లు

హోకిటికాలో వాన కురవని రోజును
జనం అనుమానంగా చూస్తారు.
అలాంటి రోజునే వెళ్ళాను
హినెవై గుడారాలు చేసే రేకుల షెడ్డుకి.

"కుట్టను, అతికిస్తాను" అంది ముందుగానే.
"ఈ బట్టకి సూది పడదు.
పొడిచిన ప్రతి చోటునీ
వాన గుర్తుపెట్టుకుంటుంది."

వసంతంలో నదిలోకి ఎగబాకే చేపపిల్లల్ని
గ్రాముల్లెక్కన అమ్ముతారిక్కడ.
వాటిని తూచే కాటా మీద
రెండు సంచులు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది.
పచ్చది తొమ్మిదివందలు.
తెల్లది నాలుగువందల ముప్పై.
అంకెలు అటూ ఇటూ గెంతి నిలబడేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఇల్లు తూగడం నేనెప్పుడూ చూడలేదు.

"పచ్చది నైలాను. మంచిదే.
తడిస్తే సాగుతుంది,
అర్ధరాత్రి నీ మొహం మీదికి ఒంగి
తాళ్ళు బిగించమని లేపుతుంది.
చంటిబిడ్డ అనుకో.
తెల్లది నీళ్ళు తాగదు,
ఎంత లాగినా
మా పెద్దమ్మ మాటలాగా అక్కడే ఉంటుంది."

ధర చెప్పింది.
నెలంతా స్కూలు బస్సు నడిపితే వచ్చేదాంట్లో
సగానికి పైనే.
ఇల్లు కట్టి చూడమన్నవాళ్ళు
మోసి చూడమని అనలేదెందుకో.
నా ఎడమ మోకాలు మాత్రం
పచ్చసంచి వైపు చూడనే లేదు.
యాభై నాలుగేళ్ళుగా నన్ను మోస్తోంది,
దాని ఓటు దానిది.

"డబ్బు లోపల పెట్టు. ముందు పడుకో."

షెడ్డు వెనక గడ్డిలో
నా చేతికర్రలే రెండు స్తంభాలు,
ఆరు మేకులు, నాలుగు నిమిషాలు.
బట్ట కొత్త కాగితంలా పెళపెళలాడింది.
దూరి వెల్లకిలా పడుకున్నాను.
తను కుళాయి గొట్టం పైకెత్తింది.

నెత్తిమీద పేలాలు వేగుతున్న చప్పుడు.
ఒక్క చుక్క లోపలికి రాలేదు,
అయినా ఏదీ దాగలేదు.
మీగడంత పలచని పొర అవతల
గొట్టం పట్టుకున్న హినెవై నీడ,
ఆమె వెనక మబ్బు,
మబ్బు వెనక కొండ ఉందని
తెలుస్తూనే ఉంది.

పావుగంటకి నా ఊపిరే
గోడకి చెమటై పట్టి
ముక్కు మీద రాలింది.
"తడిశావా?" బయటినుంచి అరిచింది.
"నా వల్లే" అన్నాను.
"అదే చెప్దామని. అందరూ
బయటి వాన గురించే అడుగుతారు."

డబ్బు లెక్కపెట్టుకుంటూ, చివర్లో,
అప్పుడే గుర్తొచ్చినట్టు:
"కియాలతో జాగ్రత్త. కొండచిలుకలు.
మెరిసేదేదైనా తమదే అనుకుంటాయి.
ఉక్కుకంటే గట్టి దారమని
బట్ట కంపెనీవాడు రాస్తాడు.
అవి చదవవు."

ఏడో రాత్రి కనుమ కింద
వాయవ్యపు గాలి గుడారాన్ని
భుజాలు పట్టుకుని కుదిపినట్టు కుదిపింది.
పెళపెళ. పెళపెళ. నిద్రలేదు.
ఒక్కో మేకునీ పేరు పెట్టి పిలుస్తూ కూచున్నాను,
బస్సులో పిల్లల్ని లెక్కపెట్టినట్టు.
ఆరుగురూ పలికారు.

తెల్లవారుజామున గాలి ఆగింది.
మొహానికి జానెడు పైన ఒక నీడ.
వంకర ముక్కు, రెండు కాళ్ళు,
అటూ ఇటూ పచార్లు
పన్ను మదింపు చేయడానికొచ్చిన అధికారిలా.
తరుముదామని నోరు తెరిచాను.
అది తల ఒంచి
బట్టలోంచి నన్ను చూసింది.

ఇంతకాలం నేను అద్దెకట్టిన గోడలన్నీ
వచ్చినవాళ్ళని కనపడనివ్వనివే.
నోరు మూసుకుని
చూస్తూ ఉండిపోయాను.

టప్.
బఠాణీగింజంత ఆకాశం.

హినెవై అతుకు వేసింది.
డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసి
సంచిని మళ్ళీ కాటా మీద పెట్టింది.
అంకెలు గెంతి నిలబడ్డాయి.
నాలుగువందల ముప్పైఒకటి.

"చిలుక బరువు" అంది,
రసీదు మీద అదే రాసిచ్చింది.