ఎలపట దాపట

రాజాం దాటాక జనపనార మిల్లు, దాని కాటా గది.
తొమ్మిదింటికి కొత్త ర్యామ్ పెట్టేరు,
పదిన్నరకి పదకొండు లారీలు గేటు బయట.
తెర నలుపు. డబ్బా లోపల్నుంచి మూడు కూతలు,
కాసేపు ఊపిరి, మళ్ళీ మూడు.

బొబ్బిలి నుంచొచ్చిన దాలినాయుడు
మా పిల్లదాని రబ్బరు పుచ్చుకుని
బంగారు పళ్ళు తోమేడు, ఉఫ్ అని ఊదేడు.
పాతదొక్కటీ పెడితే లెగుస్తంది.
కొత్తదొక్కటీ పెడితే లెగుస్తంది.
రెండూ పెడితే మూడు కూతలు.
"ఒకే కంపెనీ, అదే ఎనిమిది జీబీ,
గాడి కూడా ఒక్కచోటే కదా, ఏటి దీనికి రోగం?"
అడిగింది నన్ను కాదు, మదర్‌బోర్డుని.

గుమ్మంలో నార మోపు దించి
చెమట తుడుచుకుంటన్న సన్నాసమ్మ అంది:
"జోడు కుదర్నేదేటి బాబూ?
ఎలపటెద్దుని దాపట కట్టుంటారు."

అతను నవ్వేడు. నేనూ నవ్వేను.
బయట హారన్లు ఆగలేదు.

పావుగంట పోయాక, ఎవరూ చూడ్డం లేదనుకుని,
అటుది ఇటు, ఇటుది అటు మార్చేడు.
కొక్కేలు చిటుక్కుమన్నాయి.
ఒక్క కూత.
తెర మీద పదహారు.
వేగం దగ్గర మాత్రం పాతదాని అంకె;
ముప్ఫై రెండు వందలు పరిగెత్తాల్సింది
ఇరవై నాలుగు వందల దగ్గరే అడుగేస్తంది.

ఈ సంగతి సన్నాసమ్మకి చెబుదామని చూస్తే
ఆమె అప్పటికే రెండో లారీ నీడలో
ఇంకో మోపు కింద.

దాలినాయుడు డబ్బా మూత బిగించలేదు.
"సాయంత్రం దాకా ఇలాగే ఉంచండి" అన్నాడు,
నాలుగు మరమేకులు నా అరచేతిలో పోసి.