యాభై గ్రాములు

యార్డు మూడో గేటు పక్కన కాటా గది,
దాని మీదికి వంగిన వేపచెట్టు,
చీలిన కొమ్మలో టీ సాసరంత గూడు.
ఏప్రిల్ నెల, పన్నెండున్నర.
గుంటూరు ఎండకి మిర్చి ఘాటు తోడైతే
తుమ్ముకీ తుమ్ముకీ మధ్యనే మాటలు.

నల్లటి పిట్ట. కత్తెర తోక.
టీబండి సైదులు పసులపోలిగాడన్నాడు,
మా హెడ్ గుమాస్తా ఏట్రింత అని సరిదిద్దాడు.
పేరేదైతేనేం,
మొదటిరోజే నడినెత్తిన ఒక్క పోటు పొడిచి
చీటీల పుస్తకం నా చేతిలోంచి పడేయించింది.

అసలు తగాదా నాతో కాదు.
కొట్ల వెనక ఎలుకల మీద బతికే బూడిదరంగు పిల్లి ఒకటుంది,
చెవి చినిగింది, చూలుతో ఉంది.
టిక్కీల నీడలో తనూ ఒక నీడై జారి
వేప మొదలు వాసన చూసిందో లేదో
పైనుంచి నల్లటి గీత!
కీచుమని అరుపు, రెక్కల విసురు, తోక మీద పీకుడు.
పిల్లి తిరిగి చూస్తే పిట్ట కరెంటు తీగ మీద,
పిల్లి తల తిప్పుకుంటే పిట్ట దాని వీపు మీద.

"ఇది దాన్ని చంపగలదా ఏంటి?" అన్నాను.
తొడిమలు తీస్తున్న మస్తాన్‌బీ తలెత్తలేదు.
"చంపటానికి కాదయ్యా.
దొంగొచ్చాడని వీధంతా చాటటానికి.
పిల్లి బలం గోళ్ళలో ఉందనుకున్నావా?
కనపడకపోటంలో ఉంది.
ఇంతమంది చూశాక ఇంకేం ఏటాడుద్ది?"

చూస్తే నిజమే.
ఉడత కొమ్మకి అంటుకుపోయి ఉంది,
రేకుల మీద గోరింకలు తిట్లు అందుకున్నాయి,
కింది కొమ్మలో పికిలిపిట్ట గూడు ఒకటి,
కాపలా కూలి ఇవ్వకుండా కాపురానికి దిగింది.
పిల్లి అక్కడికి ఊరికే వచ్చినట్టు
ముందుకాలు కాసేపు నాక్కుని
ఏదో పనున్నట్టు వెళ్ళిపోయింది.

కాకినీ వదల్లేదు, గద్దనీ వదల్లేదు,
మా సూపర్‌వైజరు బట్టతలనీ వదల్లేదు.
మస్తాన్‌బీ నా గోనె టోపీ వెనక
మార్కా సిరాతో రెండు కళ్ళు గీసిచ్చింది.
రెండు రోజులు పనిచేశాయి ఆ కళ్ళు.
మూడోరోజు సరిగ్గా వాటి మధ్యనే పొడిచింది.

ఒక మధ్యాహ్నం అది కాటా పలక మీద వాలింది.
లోపల ఎర్ర అంకెలు సున్నా దగ్గరే ఉన్నాయి.
యాభై గ్రాములుంటుందేమో.
అరవై టన్నుల లారీని తూచే కాటాకి
అది రానట్టే, లేనట్టే.
తరుగు కింద, మచ్చు కింద
ఇంతకన్నా ఎక్కువే చీపురుతో ఊడ్చేస్తాం రోజూ.

మే మొదట్లో రాత్రి గాలివాన.
తెల్లారి చూస్తే తడిసిన గోతాల మీద ఒక పిల్ల,
ఒళ్ళంతా నోరు.
హమాలీ ఏసోబు దాన్ని చొక్కా జేబులో వేసుకుని
నెత్తిన ఖాళీ గోతం కప్పుకుని చెట్టెక్కాడు.
తల్లీ తండ్రీ కలిసి కుమ్మేశాయి,
మెడ మీద, మోచేతుల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ.
"నీ బిడ్డే తల్లీ, నీ బిడ్డే" అంటూనే ఉన్నాడు పైకెక్కుతూ.
దాని లెక్కలో మంచీ చెడ్డా లేవు,
దగ్గరికొచ్చావా లేదా, అంతే.
కిందికి దిగి రక్తం చూసుకుని నవ్వాడు,
"మా ఆవిడ నయం."

యార్డుకి సెలవులిచ్చారు.
జూన్‌లో గేటు తీసేసరికి గూడు ఖాళీ,
తొలి వానకి లేచిన ఉసుళ్ళని
తీగ మీంచి తాపీగా ఏరుకు తింటోంది పిట్ట.
తాలుకాయల బస్తాల వెనక నుంచి
బూడిదపిల్లి వచ్చింది, నోట కూనని కరుచుకుని.
నేనో అడుగేస్తే
కూన దించకుండానే గుర్రుమంది.

పిట్ట అటువైపు చూడను కూడా లేదు.
అయినా పిల్లి చెట్టు కిందికి రాలేదు,
గోడ వెంబడి చుట్టూ తిరిగిపోయింది.
నేను మాత్రం కిందనుంచే వెళ్ళాను,
ఒక చేత్తో చీటీల పుస్తకం,
రెండో చెయ్యి
నెత్తి మీద.