ఊరి బయటి దెబ్బ

ఎర్రగుంట్లలో రాయి నలుపు.
కోస్తే లేచే దుమ్ము మాత్రం తెలుపు.
షిఫ్టు దిగేసరికి మేమందరం
పిండి కొట్టిన మొగాలతో
కుళాయి కాడ నిలబడతాం.
నీళ్ళు పోసుకుంటే మళ్ళీ మేమే.

ఆ రాత్రి దానియేలు ఫోను
రంపం పక్కన తడిగుడ్డ మీద పాడతాంది.
ప్రొద్దుటూరు అంగట్లో వంద రూపాయలకి
కార్డు నిండా ఎక్కించినారంట,
సినిమావి, దేవునివి,
ఎవురో దించుకోని మరిచిపోయినవి.
వాటి మధ్యలో ఇది.

మొదట ఫోనే చెడిందనుకున్నా.
గిటారు దెబ్బ పడాల్సిన చోట పడలా.
ఒకటి అనే కాడ ఊరకుండి
ఒకటికీ రెండుకీ నడిమి సందులో
చటుక్కున గీత గీసి తప్పుకుంటాంది.
కింద బాసు మాత్రం
బండల లోడుతో లారీ కనమ ఎక్కినట్టు,
తొందర లేదు, ఆగేది లేదు.

"సముద్రానికి ఆ పక్క దీవన్నా" అన్నాడు దానియేలు.
"ఆఫ్రికా నుంచి గొలుసులేసి తీసుకపోయి
చెరుకు తోటల్లో దించినారంట.
పేర్లు పెరికేసి దొరల పేర్లు పెట్టినారంట.
డోలు ముట్టుకుంటే కొరడా.
వాళ్ళ కత బళ్ళో చెప్పలేదు గదా,
అందుకే పాటలో చెప్పుకుంటారు."

మా బళ్ళో గూడా చెప్పలా.
ధాత కరువులో మా జేజి తాతకి తమ్ముడు
గంజి తొట్టి కాడి నుంచి మద్రాసు దాకా నడిచి
ఓడెక్కినాడంట, ఏ దీవికో.
తప్పెట చంకనేసుకోని పోయినాడో లేదో
చెప్పేవాళ్ళు ఎవురూ మిగల్లేదు.

జేజికి ఇంగిలీసు రాదు.
పాట ఇంటికి తెచ్చి వినిపిస్తే
రెండు మాటలకి తలెత్తింది.
"బబులోను అన్న్యాడు. సీయోను గూడా అన్న్యాడు.
మనోళ్ళేనా?"
బబులోను యాడుంది జేజీ అంటే
గడ్డంతో క్వారీ దిక్కు చూపించింది.
"నీళ్ళ ట్యాంకరు మన వాడకి రాకుండా
యాడ తిరుక్కోని పోతాదో, ఆడ."

నాయన గోడకి చేరగిలి విన్నాడు.
ఆయన తప్పెట అటకెక్కి పదకొండేండ్లు.
రంపం ఎడమచేతి రెండు వేళ్ళు తిన్నాక
చిటికెన పుల్ల నిలవడం లేదు,
ఇది ఊరికి చెప్పిన కారణం.
మాకు చెప్పింది వేరే:
జాతరలో మోత లోపలికి వినపడాల,
మోగించేవాడు మెట్టు కాడ ఆగిపోవాల.

మూడోసారి పాట తిరిగినప్పుడు అన్నాడు,
"ఈ దెబ్బ ఊర్లో లేదురా.
మన ఇండ్ల మాదిరి బయట ఉంది.
లెక్కలో లేని చోట నిలబడుకోని
లెక్కంతా అదే మోస్తాంది."

అన్నం తట్ట బోర్లించి
మూడు వేళ్ళతో తట్టినాడు.
లేని వేళ్ళ కాడ ఖాళీ పడింది.
ఆ ఖాళీ పాటలో సరిగ్గా కూర్చుంది.

శుక్రవారం బండ జారి సుంకన్న చచ్చిపోయినాడు.
శవం ముందర మోగించండని
సేటు తప్పెట్లకి డబ్బు పంపినాడు.
శవానికి పంపినాడు, పిల్లోళ్ళకి కాదు.
నాయన అటక మీద నుంచి దించి
దుమ్ము కూడా తుడవకుండా
చెత్త మంట మీద కాచినాడు.
చిటికెన పుల్లని మణికట్టుకి గుడ్డపేలికతో కట్టించుకున్నాడు.
ఏటి ఒడ్డు దిక్కు పోలా.
ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడినాడు.

అది చావు దరువు కాదు, పెండ్లిది కాదు.
సగం మాది, సగం ఆ దీవిది.
ఒకటి కాడ ఊరకుండి...
ఆ ఊరకున్న కాడల్లా
వాచ్‌మన్ సేటు గది దిక్కు చూసినాడు.
సుంకన్న పెండ్లాం లక్షుమ్మ
ఏడవడం ఆపి
ఆ ఖాళీలో ఒక్కొక్క మాటే వేసింది:
మొగుని పేరు, జీతం బాకీ, పిల్లోల్ల వయసు.

దానియేలు కార్డు తడిసి చెడిపోయింది.
పాట పేరు మాకెవురికీ తెలీదు.
పరిహారం ఇంకా రాలా.
సోమవారం పొద్దున్నే మంట వెయ్యాల,
చల్లారితే తోలు పలకదు.