ఎడమకి తిరిగే వాల్వు

ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి
క్లిఫ్ ఎంట్విజిల్ రిటైర్మెంటుకి.
ఆఫీసు కేకు ఆర్డరిచ్చింది.
నా చేతికి ముప్ఫైరెండు గళ్ళ ఫారం ఇచ్చింది.
"అతనికి తెలిసిందంతా ఇందులోకి ఎక్కించు" అన్నారు,
బిందెలోంచి బిందెలోకి వంపినట్టు.

బర్న్‌లీలో నీళ్ళ కంపెనీ మాది.
భూమి కింద తాతలనాటి ఇనుము,
దాని మీద రాతి వీధులు, వాటి మీద వాన.
మ్యాపు కంప్యూటర్లో ఉంది,
నీలం గీతలూ ఎర్ర చుక్కలూ.
క్లిఫ్ దాన్ని
పెళ్ళిళ్ళ పేరయ్య చూపిన ఫోటో చూసినట్టు చూసి
మర్యాదగా తల ఊపాడు.

మొదటి గడి: మీ ముఖ్య నైపుణ్యాలు.
చాలాసేపు ఆలోచించి "నడవడం" అని రాశాడు.
రెండో గడి దగ్గర పెన్నుకి మూత పెట్టేశాడు.
"రాత్రి రెండింటికి బూట్లేసుకుని రా."

రెండింటికి ఊరు దాహం మరిచి పడుకుంటుంది.
కారే చోట్లు మాత్రమే అప్పుడు మాట్లాడతాయి.
చేతికర్రంత కొయ్య,
ఒక కొన రోడ్డు మీది ఇనుప మూతకి,
ఇంకో కొన చెవికి.
"విను."
నా నెత్తురే వినిపించింది నాకు.
"అది నువ్వు. పక్కకి జరిగి విను."

మూడో రాత్రి
ఎక్కడో దూరంగా పాత గుడ్డ చింపుతున్నట్టు, సన్నగా...
నేను నోరు విప్పకముందే
"ఆఁ, అదే" అన్నాడు.
నా ముఖంలో విన్నాడు కాబోలు.

ఒకరికి సంగతి చెప్పడాన్ని
మా భాషలో చెవిన వేయడం అంటారన్నాను.
కొయ్యని అటూ ఇటూ తిప్పి
"మరి మీ ఫారానికి చెవెక్కడ?" అన్నాడు.

ఆరో రాత్రి, కొండ మలుపులో,
మూతపడ్డ నేతమిల్లు వెనక, ఒక వాల్వు.
మ్యాపులో ఇదీ ఒక ఎర్ర చుక్కే.
"ఊళ్ళో అన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి.
ఇదొక్కటి తెరుచుకుంటుంది."
తెరుచుకుంటే కొండ మీది ఒత్తిడంతా
కింది వీధి గొట్టాల మీద పడుతుంది.
చేయి తిరిగిన పనివాడంటాం గాని
ఏ వైపుకి తిరగాలో మావాళ్ళెవరూ చెప్పలేదు.

"మరి ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదేం?"

వాన అందుకుంది.
వ్యాన్లో, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ, అద్దం వైపు చూస్తూ:
"తొంభైఆరులో తొమ్మిది మందిని తీసేశారు.
జాబితాలో నా పేరుంది.
ఆ వారమే ఎవడో దీన్ని కుడికి తిప్పాడు.
అర్ధరాత్రి నన్ను మంచం మీంచి లేపి తీసుకొచ్చారు.
పొద్దున్నకి నా పేరు కొట్టేసి
రాన్ బూత్ పేరు రాశారు."
టీ చల్లారింది.
"రాన్ అంతకుముందే అడిగాడు నన్ను, ఆ వాల్వు సంగతేమిటని.
నవ్వి ఊరుకున్నాను."

గుట్టుగా బతకాలని మావాళ్ళంటారు.
గుట్టే బతుకైన మనిషి పక్కన
ఆ రాత్రి టీ తాగాను, చక్కెర లేకుండా.

కేకు రోజు వచ్చింది, పోయింది.
పంతొమ్మిదో గడిలో "మిల్లు వెనక వాల్వు, ఎడమకి" అని కొట్టాను.
ఎర్రగా మెరిసి, వెనక్కి తిప్పింది.
ఆ గడి అంకెలే తీసుకుంటుందట.
ఆదివారం సొంత డబ్బుతో పసుపు రంగు కొని
మూత లోపలివైపు ఒక బాణం వేసి వచ్చాను.
చలికాలం దాన్ని నాకేసింది.

ఇప్పుడు వసంతం.
కొత్త కుర్రాడు జునైద్, బూట్లు ఇంకా కిర్రుమంటున్నాయి.
కొయ్య చెవికి ఆనించి
"ఏమీ లేదు, నా గుండె తప్ప" అన్నాడు.
నవ్వొచ్చింది.
జూన్‌లో నా కాంట్రాక్టు ముగుస్తుంది.
ఈసారి జాబితా ఎంత పొడుగో ఎవరూ చెప్పడం లేదు.

మిల్లు వెనక, ఇంకాస్త బిగిద్దామని
అతను తాళంచెవి పట్టుకున్నాడు.
చేయి కుడికే తిరగబోయింది.
ఒక్క క్షణం ఊరుకున్నాను.
ఆ క్షణం ఎంత పొడుగో రాన్ బూత్‌కి తెలుసు.

"ఎడమకి" అన్నాను.
వాన చప్పుడులో వినిపించలేదేమోనని
దగ్గరికెళ్ళి, చెవిలో, మళ్ళీ.